నెల్లూరు నుంచి ఢిల్లీ గార్డు మార్పిడికి వెళ్లేవారికి

రాష్ట్రపతి భవన్ ముందు కాపలా సైనికులు మారే వేడుక, అంటే గార్డు మార్పిడి, సాధారణంగా శనివారం ఉంటుంది. 2025 ఫిబ్రవరి నుంచి గుర్రాలు, బ్రాస్ బ్యాండుతో కొత్త పద్ధతిలో జరుపుతున్నారు. భవన్ వెబ్‌సైటులో ముందుగా పేరు నమోదు చేసుకుని వేళ కూడా అక్కడే చూడండి, ఎండాకాలం, చలికాలం వేళలు వేరు. ఏ గుర్తింపు కార్డు నంబరు ఇచ్చారో దాని అసలు కార్డే తీసుకెళ్లాలి.

చాలామంది దెబ్బతినేది రైలు దగ్గరే. గురువారం రాత్రి నెల్లూరులో జీటీ (గ్రాండ్ ట్రంక్) ఎక్స్‌ప్రెస్ ఎక్కితే శనివారం ఉదయానికి ఢిల్లీ చేరాలి. చలికాలం పొగమంచుకి ఆ లెక్క నిలవదు, బుధవారమే ఎక్కండి. జనవరి చివర్లో రిపబ్లిక్ డే ఏర్పాట్ల వల్ల గార్డు మార్పిడి రద్దయ్యే వీలుంది, టికెట్ కొనేముందే చూసుకోండి.

బ్యాగ్‌పైపులే (గాలి తిత్తికి గొట్టాలు బిగించిన వాయిద్యాలు) కావాలంటే జనవరి 29న ఢిల్లీ విజయ్ చౌక్‌లో బీటింగ్ రిట్రీట్‌కి, అంటే రిపబ్లిక్ డే ఉత్సవాలు ముగిస్తూ సైనిక బ్యాండ్లు వాయించే కార్యక్రమానికి వెళ్లండి, రక్షణ శాఖ ఆమంత్రణ్ పోర్టల్లో టికెట్లు దొరుకుతాయి. వాయించేవాళ్ల మోచేతిని గమనించండి. చంకలోని తిత్తిని అది నొక్కుతూ ఉంటుంది కాబట్టే ఊపిరి తీసుకునేటప్పుడూ పాట తెగదు. భుజం మీది మూడు గొట్టాలు ఒకే శ్రుతి పడతాయి, చేతిలోని గొట్టమే పాట పలుకుతుంది. వీధిభాగోతంలో శ్రుతి తిత్తి విన్నవాళ్లకి ఇది కొత్తగా అనిపించదు. చలికి గొట్టాల్లో మోగే సన్నని రీడ్ల శ్రుతి దిగుతుంది, అందుకే మైదానంలోకి వచ్చేముందు కాసేపు వాయించి వేడెక్కిస్తారు.

మొదటి వరుస కోసం తోసుకోకండి. కాస్త ఎత్తులో, పక్కగా ఉంటేనే వరుసలు తిరగడం తెలుస్తుంది.