బైబిల్లో వైరుధ్యాలు, వాదించే పద్ధతి – 3వ పాఠం: యూదా మరణం

గత పాఠంలో అహజ్యా రాజు వయసు చూశాం. రాజయ్యేనాటికి అతనికి 2 రాజులు 8:26 ప్రకారం 22 ఏళ్లు, 2 దినవృత్తాంతములు 22:2 ప్రకారం 42. తండ్రి యెహోరాము 40 ఏళ్లకే చనిపోయాడు కనుక రెండో అంకె నిలవదు. ఇది నకలు రాసినవారి చేతిపొరపాటని చాలామంది విశ్వాసులే ఒప్పుకుంటారు. బైబిల్లో తప్పులేదని నమ్మే క్రైస్తవ నాయకులు 1978లో చేసిన షికాగో ప్రకటన కూడా లేఖనంలో తప్పులేదన్న మాటను మూలప్రతికే పరిమితం చేసింది. అలా నమ్మేవారి ముందు ఈ 42ని ఎంత ఊపినా మీకు ఒరిగేదేమీ లేదు. నకలు రాసినవారి మీదకు నెట్టడానికి వీలులేని ఉదాహరణ కావాలి.

మత్తయి 27:3–10, అపొస్తలుల కార్యములు 1:18–19 తీయండి. ఒకటి చదివేటప్పుడు రెండోది మూసి ఉంచండి. పొలం ఎవరు కొన్నారు? యేసును పట్టించిన శిష్యుడు యూదా ఎలా చనిపోయాడు? రక్తభూమి అనే పేరు ఎందుకు వచ్చింది? జవాబులు వచనం చూసే రాయండి. సండే స్కూల్లో విన్న కథలో ఈ రెండూ ఎప్పుడో కలిసిపోయి ఉంటాయి.

మత్తయిలో యూదా పశ్చాత్తాపపడి, 30 వెండి నాణేలు దేవాలయంలో పారవేసి, వెళ్లి ఉరివేసుకున్నాడు. ఆ సొమ్ముతో ప్రధానయాజకులు కుమ్మరివాని పొలం కొన్నారు. రక్తపు సొమ్ముతో కొన్నది కనుక ఆ పేరు. రెండో కథనంలో పొలం కొన్నది యూదాయే. తలకిందులుగా పడి, నడుమ పగిలి, పేగులు బయటపడ్డాయి. అది యెరూషలేము వారందరికీ తెలిసి పొలానికి ఆ పేరు పడింది.

రెండు కథనాలూ పొసుగుతాయని వాదించే సమన్వయవాది జవాబు మీకు తెలిసిందే: ఉరితాడు తెగి శవం కింద పడింది, సొమ్ము యూదాది కనుక యాజకులు కొన్నా అతను కొన్నట్టే. నవ్వేయకండి, ఇది అసాధ్యం కాదు. ‘తాడు తెగినట్టు ఏ వచనంలో ఉంది?’ అని మాత్రం అడగండి. ఎక్కడా లేదు. వైరుధ్యం తప్పనిసరి కాదని చూపడానికి సాధ్యత చాలు. ఇద్దరు రచయితలూ చెప్పింది ఒకే కథ అని నిరూపించడానికి అది చాలదు. ఎదుటివారు మొదటిది చూపి రెండోది గెలిచినట్టు లేచి వెళ్లిపోకుండా చూసుకోండి.

నా మటుకు చావుకన్నా పొలమే గట్టి చిక్కు. మత్తయి కథనంలో యూదా ఆ డబ్బును వదిలించుకుని పోయాడు. పొలం కొనాలన్న ఆలోచన యాజకులది. మరో పుస్తకంలో కొన్నవాడు అతనే. అయినా చర్చలన్నీ పేగుల చుట్టూనే తిరుగుతాయి, ఎందుకో!

విమర్శకులకూ ఒక హద్దు ఉంది. తేడా కనిపించింది కనుక అంతా కల్పనే అనడం దూకుడు. ద్రోహం, ఘోరమైన చావు, పాపపు సొమ్ముతో పొలం, దానికి పడిన పేరు: ఇన్నింట్లో ఇద్దరూ ఏకీభవిస్తున్నారు. ఆ మాట మీరే ముందుగా అనండి. ఎదుటివారు దాన్నే ఆయుధంగా తీయబోతారు.

అభ్యాసం: 2 సమూయేలు 24, 1 దినవృత్తాంతములు 21. జనసంఖ్య తీయమని దావీదును ప్రేరేపించింది యెహోవా కోపమా, సాతానా? ఇశ్రాయేలు యోధులు 8 లక్షలా, 11 లక్షలా? దావీదు చెల్లించింది 50 తులాల వెండా, 600 తులాల బంగారమా? వీటిలో ఏవి చేతిపొరపాటు కావచ్చో, ఏవి కాలేవో విడదీసి, ఒక్కోదానికీ రెండు పక్షాల వాదనా మీరే రాయండి. వచ్చే పాఠం సాతాను దగ్గర మొదలవుతుంది.