థాయ్‌లాండ్ మొదటిసారి వెళ్తుంటే తిండి దగ్గరా గుడి దగ్గరా ఇవి చూసుకోండి

కారం సంగతి తర్వాత, ముందు నామ్ ప్లా గురించి తెలుసుకోండి, అంటే చేపల సాస్, మనం ఉప్పు వేసినట్టు వాళ్ళు అన్నిట్లో వేసేస్తారు. వెజిటబుల్ ఫ్రైడ్ రైస్ అని అడిగినా అది పడిపోవచ్చు, వాళ్ళ లెక్కలో అది నాన్‌వెజ్ కాదు మరి. వెజ్ వాళ్ళు 'జే' అన్న ఒక్క మాట గుర్తుపెట్టుకుంటే చాలు, పసుపు జెండా మీద ఎర్రగా ఇంచుమించు 17 అంకెలా కనిపిస్తుంది ఆ అక్షరం, ఆ బోర్డు ఉన్న చోట గుడ్డు, పాలు, ఉల్లి, వెల్లుల్లి కూడా వాడరు.

సోమ్ తమ్ తప్పకుండా తినండి, పచ్చి బొప్పాయి కోరుని రోట్లో వేసి దంచి ఇస్తారు. నేను ఫస్ట్ టైమ్ బండి దగ్గరికెళ్తే ఆవిడ చిన్న మిరపకాయలు చూపించి 'ప్రిక్ కీ మెట్' అంది, ఎన్ని కాయలు వెయ్యమంటావ్ అని, మనకి కారం ఓ లెక్కా అని దర్జాగా ఐదు వేళ్ళు చూపించా. నా మొహం ఓసారి చూసి నవ్వుకుని ఐదూ వేసి దంచింది, రెండో ముద్దకే చెవులు దిమ్మెక్కిపోయాయి, పక్కన పెట్టిన పచ్చి క్యాబేజీ అంతా నమిలితే గానీ మాట రాలేదు. మీరు ఒకటితో మొదలెట్టండి! ఎండు రొయ్యలు వద్దంటే 'మై సై కుంగ్ హేంగ్' అనండి, చివర మగవాళ్ళు 'క్రప్', ఆడవాళ్ళు 'ఖా' కలిపితే మర్యాద. రోలు మాత్రం అందరికీ అదే, పట్టింపుంటే జే బండి వెతుక్కోవాల్సిందే.

అన్నం స్పూన్‌తో తినాలి, ఎడమచేతి ఫోర్క్ స్పూన్‌లోకి తొయ్యడానికే, నోట్లో పెట్టుకోరు. చాప్‌స్టిక్స్ నూడుల్స్‌కే.

ఎవరైనా చేతులు జోడించి 'వై' పెడితే మీరూ పెట్టండి, చిన్నపిల్లలకి మాత్రం ముందుగా మీరు పెట్టక్కర్లేదు. ఎంత ముద్దొచ్చినా పిల్లల తల నిమరకండి, కాళ్ళు బుద్ధుడి వైపు చాపకండి, ఆడవాళ్ళు భిక్షువుల్ని తాకకూడదు. బ్యాంకాక్ గ్రాండ్ ప్యాలెస్‌కి భుజాలు, మోకాళ్ళు కప్పుకునే వెళ్ళాలి.

రాజు మీద జోకులు అస్సలొద్దు, సెక్షన్ 112 కింద ఒక్కో నేరానికి 3 నుంచి 15 ఏళ్ళ జైలు. నోటు మీదా ఆయన బొమ్మే ఉంటుంది కాబట్టి గాలికి ఎగిరిపోతున్నా కాలితో తొక్కి ఆపకండి. పొద్దున 8కి, సాయంత్రం 6కి స్టేషన్లలో, పార్కుల్లో జాతీయగీతం వేస్తారు, అందరూ ఎక్కడివాళ్ళక్కడ ఆగిపోతారు, మీరూ ఫోన్ జేబులో పెట్టి ఆగండి, ఓ నిమిషంలో అయిపోతుంది.