గుర్రపు డెక్క కాగితం విరగకుండా ఇలా చేశాను

మా ఊరి చెరువును కమ్మేసిన గుర్రపు డెక్కతోనే కాగితం చేసి, దాని మీద చెరువు మట్టితో ఆ చెరువు పటమే గీయాలని నా కోరిక. కానీ మొదటి పది షీట్లూ ఎండగానే అప్పడాల్లా ముడుచుకుని, వేలు తగిలితే విరిగిపోయాయి. చాలా బాధేసింది.

డెక్క కాడల పీచు పొట్టి. దాన్ని నేను మిక్సీలో పేస్టయ్యేదాకా తిప్పేశాను. అంత మెత్తగా నలిగిన గుజ్జు నీటిని బాగా పట్టుకుంటుంది, ఎండేటప్పుడు అంతగానూ కుంచించుకుపోతుంది.

ఈసారి ఆకులు, వేళ్లు తీసేసి కాడలు మాత్రమే అంగుళం ముక్కలుగా కోసి, బట్టల సోడా వేసి రెండు గంటలు ఉడికించాను (అల్యూమినియం గిన్నె వద్దు, సోడా దాన్ని తినేస్తుంది. స్టీలుదే వాడండి). నీళ్లు తేటగా వచ్చేదాకా కడిగి, రోట్లో దంచాను. విడిగా ఉడికించి దంచిన గోగునారను అర అంగుళం ముక్కలు చేసి మూడో వంతు కలిపాను. పొడుగు పీచు కదా, పట్టంతా దానిదే. నార ఉండ కట్టకుండా బెండకాయలు నానబెట్టిన జిగురు నీళ్లు, గుజ్జు కలిపిన నీళ్ల తొట్టిలో పోశాను.

ఎండలో ఆరబెట్టడం మానేశాను. తడి షీటును పాత నూలు పంచె మీద బోర్లించి, రెండు చెక్కల మధ్య బరువు పెట్టి, రోజూ పొడి గుడ్డలు మారుస్తూ నీడలోనే మూడు రోజులు ఉంచాను.

షీటు చదునుగా వచ్చింది. మట్టి రంగు పూసినా చిరగలేదు. తూము దగ్గర గీత మాత్రం ఒక నారపోగు తగిలి వంకర పోయింది. దాన్ని అలాగే ఉంచాను, నీళ్లు నిజంగా అక్కడే మలుపు తిరుగుతాయి.