కాంటెస్సాను ఘాట్ రోడ్డుకీ, 402 మీటర్ల స్ట్రిప్‌కీ సిద్ధం చేయడం

మన దేశంలో తయారైన కార్లలో మజిల్ కారు అనదగ్గది హిందుస్థాన్ మోటార్స్ కాంటెస్సా. బ్రిటన్ కారు వాక్స్‌హాల్ విక్టర్ ఎఫ్‌ఈ బాడీ, పొడవాటి బానెట్, వెనక చక్రాలకు పవర్. 1984లో మొదలై 2002లో ఆగిపోయింది. తొలి బండ్లలో అంబాసిడర్‌కి వాడిన 1489 సీసీ ఇంజనే ఉండేది. దాని శక్తి సుమారు 50 హార్స్‌పవర్, అంత పెద్ద బండికి అది చాలదు. తర్వాత వచ్చిన కాంటెస్సా క్లాసిక్‌లో ఇసుజు 1817 సీసీ పెట్రోల్ ఇంజన్, 88 హార్స్‌పవర్, ఐదు గేర్లు ఉంటాయి. స్ట్రిప్ మీద, అంటే 402 మీటర్లు (పావు మైలు) తిన్నగా పరుగు పెట్టే డ్రాగ్ రేసు దారి మీద కూడా తిప్పాలనుకుంటే ఇసుజు 1.8 బండే వెతకండి.

పని వరస బాడీ, బ్రేకులు, కూలింగ్, ఆఖరున ఇంజన్. చాలామంది దీన్ని తలకిందులు చేసి ముందు కార్బురేటర్ (పెట్రోలునీ గాలినీ కలిపే భాగం) కొంటారు. తిరుపతి, చిత్తూరు వాళ్లకి అది అసలు కుదరదు. పలమనేరు వైపు వెళ్తే మొగిలి ఘాట్, మదనపల్లె వైపు వెళ్తే భాకరాపేట ఘాట్ తగులుతాయి. ఎండాకాలం 40 డిగ్రీలు దాటుతుంది. ఆగలేని బండికి, పది నిమిషాల్లో ఉడికిపోయే బండికి ఎంత పికప్ ఉన్నా అక్కర రాదు.

కొనేముందు

ముందు కాగితాలు. చాసీ నంబరు, ఇంజన్ నంబరు ఆర్సీతో అక్షరం అక్షరం సరిచూడండి. చాసీ నంబరు పలక చుట్టూ కొత్త వెల్డింగ్ కనిపిస్తే బేరం ఆపేయండి. పదిహేనేళ్లు దాటిన బండికి ఫిట్‌నెస్ చేయించి ఆర్సీని ఐదేళ్లకోసారి రెన్యువల్ చేయించాలి, గ్రీన్ ట్యాక్స్ కట్టాలి. ఆ బకాయిలు ఎవరివో బేరంలోనే తేల్చుకోండి.

రెండోది తుప్పు. చిన్న అయస్కాంతాన్ని పల్చటి గుడ్డలో చుట్టి డోర్ల కింది అంచులు, వెనక చక్రాల ఆర్చీలు, ముందు అద్దం కింద మూలలు తడుముకుంటూ పోండి. పట్టు వదిలిన చోట రేకు లేదు, పుట్టీ ఉంది. కార్పెట్ ఎత్తి ఫ్లోర్ చూడండి. బ్యాటరీ ట్రే కింద, డిక్కీలో స్టెప్నీ గుంతలో, జాకీ పాయింట్ల దగ్గర స్క్రూడ్రైవర్‌తో గట్టిగా పొడవండి. చెన్నై సముద్రపు గాలిలో పెరిగిన బండి కంటే మన ఎండు గాలిలో ఉన్న బండి నయం. ధర పదో పాతికో వేలు ఎక్కువైనా అదే తీసుకోండి. ఇంజన్ పోతే ఇంకొకటి దొరుకుతుంది, చివికిపోయిన బాడీని నిలబెట్టడం మాత్రం చాలా కష్టం.

విడిభాగాలకు మన తిరుపతి, చిత్తూరు వైపు చోటు మంచిది. పాత సామాన్లకి చెన్నై పుదుపేట, కొత్తవాటికి అక్కడి జీపీ రోడ్డు, ఇటు బెంగళూరు జేసీ రోడ్డు, మూడూ ఒక్కరోజులో వెళ్లొచ్చే దూరమే. పాత భాగం చేతిలో పట్టుకునే వెళ్లండి, ఫోన్‌లో ఫొటో చూపించి తెచ్చిన సీలు సగం సార్లు సరిపోదు.

బాడీ

డోర్ల కింద ఉండే సిల్స్ కోసే ముందు డోరు ఖాళీలో 25 మి.మీ. చదరపు పైపుతో అడ్డంగా, ఐమూలగా బ్రేసింగ్ కట్టించండి. ఈ ఒక్క పని ఎగ్గొడితే బాడీ మధ్యలో కుంగుతుంది, తర్వాత ఏం చేసినా డోర్లు సరిగా పడవు. రెండు సిల్స్ ఒకేసారి కోయొద్దు. ఒకవైపు పూర్తిగా వెల్డ్ అయ్యాకే రెండోవైపు ముట్టుకోవాలి.

ఫ్లోరుకీ సిల్స్‌కీ 18 గేజ్, పైన కనిపించే ప్యానెళ్లకి 20 గేజ్ సీఆర్ (కోల్డ్ రోల్డ్ స్టీలు) షీటు వాడండి. గ్యాస్ వెల్డింగ్ వద్దు, వేడికి రేకు అలలు తేలుతుంది. 0.8 మి.మీ. వైరుతో మిగ్ వెల్డింగ్ చేయించండి. వరసగా గీత లాగకుండా 20 మి.మీ. కుట్టు ఇక్కడొకటి, చల్లారేలోపు దూరంగా ఇంకొకటి వేయాలి. టింకరింగ్ అయ్యాక ఎపాక్సీ ప్రైమర్ రెండు కోట్లు, దాని మీదే పుట్టీ, అదీ 2 మి.మీ. మించకూడదు. సిల్స్ లోపలికి మైనం కలిసిన యాంటీ రస్ట్ కొట్టించాలి, కానీ అది పెయింటింగ్ అయ్యాకే.

పెయింట్ పని అక్టోబరు నుంచి డిసెంబరు దాకా పెట్టుకోవద్దు. ఈశాన్య రుతుపవనాల తేమకి పీయూ (పాలీయురిథేన్) పెయింట్ మీద తెల్లటి మబ్బు పడుతుంది. ఫిబ్రవరి, మార్చి మంచి నెలలు. నడి ఎండాకాలంలో అయితే నిదానంగా ఆరే థిన్నర్ అడగండి, లేకపోతే పెయింట్ పరుచుకునేలోపే ఆరిపోయి నారింజ తొక్కలా గరుకుదేలుతుంది. రంగు మారిస్తే ఆర్సీలో రాయించాలి.

బ్రేకులు

ముందు డిస్కులున్నా డ్రమ్ములున్నా పని ఒకటే: మొత్తం కొత్తది. మాస్టర్ సిలిండర్, వీల్ సిలిండర్లు విప్పి లోపలి గోడ మీద గోరు పెట్టి లాగండి. గోరు ఎక్కడైనా ఆగితే సిలిండరే మార్చాలి, ఒక్క కిట్టు వేసి సరిపెడితే నెలలోపే కారుతుంది. రబ్బరు హోసులు బయటికి బాగున్నా లోపల ఉబ్బి దారి మూసుకుంటాయి. పెడల్ వదిలాక కూడా ఒక చక్రం పట్టేసి ఉంటే అనుమానించాల్సింది దాన్నే. పైపు 4.75 మి.మీ. స్టీలుదే, చివర డబుల్ ఫ్లేర్ కొట్టినదే వేయాలి.

బ్రేక్ ఆయిల్ డాట్ 4 రకం. కొత్తదయితే 230 డిగ్రీల దాకా మరగదు. తేమ పీల్చుకున్నాక ఆ హద్దు 155 దగ్గరికి పడిపోతుంది. ఘాట్ దిగుతుంటే పెడల్ ఒక్కసారిగా మెత్తబడి నేలకి దిగడానికి కారణం ఇదే. ఏడాదికోసారి మార్చండి. పెడల్‌ని తేలిక చేసే బూస్టర్ పరీక్ష సులువు. ఇంజన్ ఆపి పెడల్ నాలుగైదు సార్లు తొక్కండి, ఆ తర్వాత తొక్కి పట్టుకునే స్టార్ట్ చేయండి. కాలి కింద పెడల్ కొద్దిగా దిగితే బూస్టర్ పనిచేస్తున్నట్టే.

కూలింగ్

రేడియేటర్‌ని మూడు వరసల రాగి కోర్‌తో కట్టించండి. పాత దానికి ఉన్న ఫ్యాన్ ష్రౌడ్ (ఫ్యాన్ చుట్టూ ఉండే తొడుగు) తప్పకుండా తిరిగి పెట్టించండి. అది లేకపోతే ఫ్యాన్ చివర్ల దగ్గరే గాలి చుట్టూ తిరుగుతుంది, కోర్ గుండా రాదు. మన బోరు నీళ్లు గట్టివి, రెండు వేసవులకే లోపల సున్నం పొర కడతాయి. డిస్టిల్డ్ వాటర్, కూలెంట్ సగం సగం పోయండి.

"మన ఎండలకి థర్మోస్టాట్ ఎందుకు" అని తీసి పారేసే అలవాటు మెకానిక్కుల్లో ఇంకా ఉంది. ఒప్పుకోవద్దు. చల్లగా నడిచే ఇంజన్‌లో బోరు త్వరగా అరుగుతుంది, పెట్రోల్ ఆయిల్లో కలుస్తుంది. 82 డిగ్రీల థర్మోస్టాట్ పెట్టాక కూడా బండి హీటెక్కుతుంటే తప్పు ఇంకెక్కడో ఉంది: మూసుకుపోయిన కోర్, జారే బెల్టు, వెనక్కి పడిన టైమింగ్, లేకపోతే హెడ్ గాస్కెట్. ఎలక్ట్రిక్ ఫ్యాన్ వేస్తే 30 ఆంపియర్ల రిలే ద్వారానే కరెంటివ్వండి, పాత స్విచ్చి వైరు ఆ లోడు మోయలేదు.

ఇంజన్

విప్పే ముందే కంప్రెషన్ చూడండి. నాలుగు ప్లగ్గులూ తీసి, ప్లగ్గు రంధ్రంలో కంప్రెషన్ గేజీ పెట్టి, యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కి సెల్ఫ్ కొట్టాలి. సిలిండర్‌కి 150 పీఎస్ఐ పైన ఉండి, నాలుగింటి మధ్య తేడా పది శాతంలోపు ఉంటే కింది భాగం విప్పాల్సిన పని లేదు. తక్కువ చూపిన సిలిండర్‌లో చెంచాడు ఇంజన్ ఆయిల్ పోసి మళ్లీ కొట్టండి. అంకె పెరిగితే రింగులు అరిగినట్టు, పెరగకపోతే వాల్వులు కూర్చోవడం లేదన్నట్టు.

పవర్ దొరికే చోటు హెడ్. వాల్వు సీట్లు మూడు కోణాల్లో, 30, 45, 60 డిగ్రీలు, కోయించండి. పాత 1.5 ఇంజన్ సీసం కలిసిన పెట్రోలుకి తయారైంది. అదే ఉంచుకునేవాళ్లు గట్టి ఎగ్జాస్ట్ సీట్లు తొడిగించాలి, లేకుంటే సీటు కుంగి వాల్వు గ్యాపు మూసుకుపోతూ ఉంటుంది.

కంప్రెషన్ రేషియో (సిలిండర్‌లో మిక్చర్ ఎన్ని రెట్లు నొక్కుకుంటుందనే లెక్క) పెంచడానికి హెడ్‌ ఫేసింగ్ కొట్టిస్తారు, అంటే హెడ్ కింది ముఖాన్ని చెక్కిస్తారు. ఎంత తీయాలో లెక్క వేసుకునే లేత్‌కి ఇవ్వండి. 1817 సీసీలో ఒక సిలిండర్‌ది 454 సీసీ. రేషియో 8.5 అయితే పైన మిగిలే చోటు 454ని 7.5తో భాగిస్తే వచ్చే 60.5 సీసీ. ఒక మి.మీ. చెక్కితే సుమారు 4 సీసీ తగ్గుతుంది, 56.5 అవుతుంది. అప్పుడు రేషియో 9.0. ఇక్కడ ఆగండి. ఇంకా చెక్కితే ఘాట్ ఎక్కేటప్పుడు టకటకమని నాకింగ్ మొదలవుతుంది, అది పిస్టన్లను తినేస్తుంది. ఇంకో సంగతి, ఈ ఇంజన్‌లో క్యామ్ హెడ్ మీదే ఉంటుంది. హెడ్ తగ్గినకొద్దీ చైన్ వదులై క్యామ్ టైమింగ్ కొంచెం వెనక్కి పడుతుంది. బిగించాక మార్కులు మళ్లీ చూడండి. వాల్వు గ్యాపు ఇంజన్ చల్లగా ఉన్నప్పుడు ఇన్‌టేక్ 0.15, ఎగ్జాస్ట్ 0.25 మి.మీ.

కార్బురేటర్‌గా అడాప్టర్ ప్లేటు మీద వెబర్ 32/36 చాలు. ఇంతకంటే పెద్దది పెడితే కింది ఆర్‌పీఎంలో బండి నీరసపడుతుంది. ఎలక్ట్రిక్ పంపు పెడితే రెగ్యులేటర్‌తో ప్రెషర్ 3 నుంచి 3.5 పీఎస్ఐ మధ్య కట్టేయండి. అంతకు మించితే నీడిల్ ఆగలేక పెట్రోల్ పొంగుతుంది. ఇప్పుడు బంకుల్లో పోసేది ఈ20, అంటే 20 శాతం ఇథనాల్ కలిసిన పెట్రోలు. ఇథనాల్ పాత రబ్బరు పైపుల్ని మెత్తబరుస్తుంది, మిక్చర్‌ని పల్చన చేస్తుంది. ట్యాంకు నుంచి కార్బురేటర్ దాకా ఇథనాల్‌కి తట్టుకునే ఎఫ్‌కేఎం రబ్బరు హోసులు వేయించి, మెయిన్ జెట్ ఒకటి రెండు సైజులు పెంచాలి. పొగలో మిక్చర్ కొలిచే వైడ్‌బ్యాండ్ సెన్సర్ అద్దెకి దొరికినా సరే పెట్టించి చూడండి. ఫుల్ త్రోటిల్‌లో లాంబ్డా (గాలి, పెట్రోలు పాళ్ల కొలత, 1 కంటే తక్కువైతే మిక్చర్ చిక్కన) 0.86 నుంచి 0.88 మధ్య ఉండాలి.

డిస్ట్రిబ్యూటర్‌లో స్పార్క్ ఇప్పించే పాయింట్ల బదులు ఎలక్ట్రానిక్ ఇగ్నిషన్ పెట్టండి. ముందుగా డిస్ట్రిబ్యూటర్ షాఫ్ట్ పక్కలకి ఊగుతుందేమో చూడండి, ఊగితే ఏది పెట్టినా టైమింగ్ నిలవదు. మొత్తం అడ్వాన్స్ (స్పార్క్ ముందుగా పడే కోణం) 3000 ఆర్‌పీఎం దగ్గర 32 డిగ్రీలతో మొదలుపెట్టండి. ఎగ్జాస్ట్‌కి 38 మి.మీ. పైపులతో 4-2-1 హెడర్ (నాలుగు పైపులు రెండుగా, ఆపైన ఒకటిగా కలిసేది), ఆ తర్వాత రెండంగుళాల పైపు. ఫ్లాంజి 10 మి.మీ. ప్లేటుతో కోయించి, ఒక పాత హెడ్‌కి బిగించి పెట్టే వెల్డింగ్ చేయించండి. విడిగా చేస్తే వంకరపోతుంది, ఎన్ని గాస్కెట్లు మార్చినా లీకు ఆగదు.

జపాన్ ఇంజన్ ఏదో తెచ్చి దింపేద్దామన్న ఆలోచన చాలామందికి వస్తుంది. మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 కింద ఆర్సీలోని తయారీ వివరాలకు భిన్నంగా బండిని మార్చకూడదని 2019 జనవరిలో సుప్రీంకోర్టు స్పష్టంగా చెప్పింది. ఆర్టీవో అనుమతి లేని ఇంజన్‌తో ప్రమాదం జరిగితే ఇన్సూరెన్స్ దగ్గర నిలబడలేరు. ఉన్న ఇసుజునే బాగు చేసుకోవడం మంచిది.

గేర్లు, బరువు, పట్టు

402 మీటర్ల టైము ముందే అంచనా వేసుకోవచ్చు. డ్రైవర్‌తో కలిపి 1270 కిలోలు, 88 హార్స్‌పవర్ అయితే లెక్క ప్రకారం పద్దెనిమిదిన్నర సెకన్లు. వంద కిలోలు తగ్గించి 105 హార్స్‌పవర్ దాకా తెస్తే దాదాపు 17 సెకన్లు, గీత దాటేటప్పుడు 130 కి.మీ. వేగం. స్టెప్నీ, వెనక సీటు, జాకీ సామాను ఆ రోజుకి దింపేస్తే ఆ వంద కిలోల్లో సగం పైసా ఖర్చు లేకుండా పోతుంది. బ్యాటరీని డిక్కీలోకి మారిస్తే వెనక చక్రాల మీద బరువు పడుతుంది. కేబుల్ 35 చదరపు మి.మీ. తీసుకుని, బ్యాటరీ పక్కనే ఫ్యూజు పెట్టండి.

వెనక యాక్సిల్‌లో ఉండే క్రౌన్, పినియన్ గేర్ల పళ్లు లెక్కపెట్టి రేషియో తెలుసుకోండి. 185/70 ఆర్14 టైరు ఒక చుట్టుకి 1.93 మీటర్లు పోతుంది. మూడో గేరు 1.4, క్రౌన్ 4.1 అనుకుంటే 130 వేగానికి ఇంజన్ 6400 ఆర్‌పీఎం తిరగాలి, అంత తిప్పకూడదు. 3.5 క్రౌన్ వేస్తే అదే వేగం 5500లో వస్తుంది, నాలుగో గేరు మార్పు తప్పుతుంది, కానీ లేచే ఊపు పోతుంది, ఘాట్‌లో బండి ఈడుస్తుంది. రోడ్డు మీద కూడా తిరిగే బండికి ఉన్న క్రౌన్ ముట్టుకోకుండా, గీత దాటేముందు నాలుగో గేరు వేసుకోవడమే మంచిది.

వెనక యాక్సిల్ ఎగురుతుంటే టైర్లను తిట్టకండి, యాక్సిల్‌ని బాడీకి పట్టే ట్రెయిలింగ్ ఆర్మ్‌ల రబ్బరు బుష్‌లు చూడండి. పగిలిన బుష్‌తో క్లచ్ వదిలితే చక్రాలు దడదడలాడి ప్రొపెల్లర్ షాఫ్ట్ జాయింట్ క్రాసు విరుగుతుంది.

స్ట్రిప్ రోజు

దగ్గర్లో ఉన్నది శ్రీపెరంబుదూరు పక్కన ఇరుంగాట్టుకోట్టై ట్రాక్. డ్రాగ్ మీట్ ప్రకటించినప్పుడు ఎఫ్‌ఎంఎస్‌సీఐ (దేశంలో మోటార్ రేసుల్ని నడిపే సమాఖ్య) లైసెన్సు, హెల్మెట్ నిబంధనలు ముందే చూసుకోండి. తిరుమల ఘాట్‌లోనో, బైపాస్‌లోనో వేగం పరీక్షించడం ఎవరికీ తగదు. కొత్తగా కట్టిన ఇంజన్‌ని 500 కి.మీ. తిప్పి, 20డబ్ల్యూ-50 ఆయిల్ ఒకసారి మార్చి, హెడ్ బోల్టులు మళ్లీ టార్కు చేశాకే తీసుకెళ్లండి. అంతకుముందు ఒక మధ్యాహ్నం మొగిలి ఘాట్ ఎక్కించి చూడండి. టెంపరేచర్ ముల్లు సగం దాటకపోతే కూలింగ్ సరిపోయినట్టే.

వెనక టైర్లలో గాలి 24 నుంచి 26 పీఎస్ఐ, ముందు 34. లేచేటప్పుడు 2500 ఆర్‌పీఎం దగ్గర క్లచ్‌ని ఒక్కసారిగా వదలకుండా, అరసెకను జార్చి పట్టించండి. రన్ ముగిసిన వెంటనే ఇంజన్ ఆపి ఒక ప్లగ్గు తీసి చూడండి. పింగాణీ తెల్లగా మాడి, దాని మీద మెరిసే చుక్కలు కనిపిస్తే మిక్చర్ పల్చనైంది, ఇంకో రన్ వేయొద్దు, జెట్ మార్చండి. లేత గోధుమ రంగుంటే సరే. బయల్దేరేముందు వెనక టైర్లలో మళ్లీ 30 పీఎస్ఐ గాలి కొట్టించి, చక్రాల నట్లు టార్క్ రెంచ్‌తో బిగించి, డిఫరెన్షియల్ కింద ఆయిల్ చెమ్మ ఉందేమో చూసుకోండి.