కడుపు కోసినా ఆకలి ఎందుకు పోలేదు? బేరియాట్రిక్ (బరువు తగ్గించే) సర్జరీ తర్వాత తిండి తిప్పలు

బరువు తగ్గడానికి పొట్టని చిన్నది చేసే స్లీవ్ ఆపరేషన్ నాకు అయి నాలుగేళ్ళు. అయిన నాలుగో వారంలో ఒకరోజు రాత్రి పదకొండింటికి వంటింట్లో లైటు వేసుకుని, ఆవకాయ జాడీ మూత తీసి వాసన చూస్తూ నిలబడ్డాను. మా ఆయన వచ్చి చూసి, ఏమీ అనకుండా వెళ్ళి పడుకున్నారు. అప్పట్లో నా భోజనం అంటే మిక్సీలో తిప్పిన పప్పు, గిలకొట్టిన పెరుగు. ఆ రాత్రి ఆకలేసిందా అంటే, లేదు. అంతకు ముందు తిన్న నాలుగు చెంచాల పప్పుతోనే కడుపు బిగిసిపోయి ఉంది. మరి జాడీ దాకా నడిపించిందేమిటి?

అది తెలుసుకోవడానికి నాకు ఏడాది పట్టింది. సర్జరీ తర్వాత మనం ఆకలి అనుకునే వాటిలో చాలా భాగం వేరే సంగతులు. దాహం, మంట, షుగర్ పడిపోవడం, నాలుగింటి టీ అలవాటు, ఒక్కోసారి ఊరికే తోచకపోవడం. ఏదొచ్చినా తిండితోనే సర్దేస్తే ఆపరేషన్ చేయించుకున్న ఫలితం ఉండదు. అందుకే ముందు లక్షణం, తర్వాత కారణం, ఆ తర్వాతే చెంచా.

లోపల జరిగిందేమిటో రెండు ముక్కల్లో: స్లీవ్‌లో పొట్టని ముప్పాతిక భాగం పైగా తీసేసి అరటిపండు లాంటి గొట్టాన్ని మిగులుస్తారు. గ్రెలిన్ అనే ఆకలి హార్మోన్ ఎక్కువగా తయారయ్యేది తీసేసిన భాగంలోనే. అందుకే మొదటి నెలల్లో ఆకలి బాగా తగ్గుతుంది. ఇంకో రకం ఆపరేషన్ గ్యాస్ట్రిక్ బైపాస్ (గుండెది కాదు, పొట్టది). అందులో పైన చిన్న సంచి, సుమారు 30 మిల్లీలీటర్లు పట్టేంత, చేసి దాన్ని నేరుగా చిన్నపేగుకి కలుపుతారు. రెండింట్లోనూ మారేది కడుపు లోపలే. నాలుక, ముక్కు, పండక్కి అరిసెలు చేసే మీ ఇల్లు, అవన్నీ ఎప్పట్లాగే ఉంటాయి.

ఇవైతే చదవడం ఆపి ఆసుపత్రికి వెళ్ళండి

ఆపరేషన్ అయిన మొదటి వారాల్లో జ్వరం, పెరుగుతున్న కడుపునొప్పి, ఎడమ భుజంలో నొప్పి, కూర్చున్నా నాడి 120 దాటడం, ఊపిరి ఆడకపోవడం. కుట్లు లీకయ్యాయేమో చూడాలి. ఎప్పుడైనా సరే నల్లటి విరేచనం, రక్తపు వాంతి, నీళ్ళు కూడా నిలవని వాంతులు. వీటికి వాము నీళ్ళు, సోడా లాంటి చిట్కాలు పనికిరావు.

తిన్న గంటకే మళ్ళీ ఆకలి

మన ఇళ్ళల్లో ఎక్కువగా వచ్చే ఫిర్యాదు ఇదే. కారణం చాలాసార్లు కంచంలోనే కనిపిస్తుంది. పలచటి చారన్నం, మెత్తటి ఉప్మా, మజ్జిగలో నానబెట్టిన అటుకులు. ఇవన్నీ గొట్టంలో నిలవకుండా జారిపోతాయి. దానికితోడు ముద్దకో గుక్క నీళ్ళు తాగితే ఉన్నది కాస్తా కిందకి కొట్టుకుపోతుంది.

మన భోజనంలో అన్నం ముందు, మిగతావన్నీ దాని మీదకి. సర్జరీ తర్వాత ఈ వరస తిరగబడాలి. కంచంలో అన్నం పెట్టుకోకుండానే కూర్చోండి. ముందు గుడ్డో, చేప ముక్కో, పనీరో, గట్టిగా వండిన పప్పో. అది అయ్యాక కూర. చోటు మిగిలితే రెండు చెంచాల అన్నం. మిగలకపోతే లేదు. మొదట్లో ఏడుపొస్తుంది. నాకైతే కూరని అన్నం లేకుండా తినడం చెప్పుల్లేకుండా బజారుకి వెళ్ళినట్టు ఉండేది. రెండు నెలల్లో అలవాటైపోయింది.

రోజుకి 60 గ్రాములకి తగ్గకుండా ప్రోటీన్ అందాలి. చాలామందికి 60 నుంచి 80 మధ్య చెబుతారు. ఒక గుడ్డులో 6 గ్రాములు ఉంటుంది. 100 గ్రాముల పనీర్‌లో 18 దాకా, అంతే చేపలో 20 దాకా. శాకాహారులకి కష్టమే, కానీ కుదరనిది కాదు. మనం "పప్పు తింటున్నాం కదా" అనుకునే పప్పులో నీళ్ళే ఎక్కువ. గరిటె నిలబడేంత గట్టిగా వండితేనే లెక్కలోకి వస్తుంది. నీళ్ళు కొట్టిన పెరుగు కన్నా, గుడ్డలో వేలాడదీసి నీరు కార్చిన పెరుగు మేలు. మా ఇంట్లో వంటింటి కొక్కేనికి ఇప్పటికీ ఆ మూట వేలాడుతూనే ఉంటుంది. అప్పటికీ చాలకపోతే డైటీషియన్ చెప్పిన ప్రోటీన్ పొడి.

నీళ్ళ సంగతి: భోజనంతో పాటు వద్దు. తిన్నాక అరగంట ఆగి తాగాలి. రోజు మొత్తం మీద లీటరున్నర నుంచి రెండు లీటర్లు, గుక్కలు గుక్కలుగా. చెంబెత్తి గటగటా తాగే రోజులు పోయాయి.

కడుపులో తొలిచేస్తున్నట్టు, తింటే కాసేపు సర్దుకుంటుంది

ఇది ఆకలిలాగే ఉంటుంది, అక్కడే మోసపోతాం. స్లీవ్ తర్వాత యాసిడ్ పైకి తన్నడం మామూలే. రాత్రి పడుకున్నాక ఎక్కువవడం, గొంతులో పుల్లగా రావడం, పొడి దగ్గు, ఇవి దాని గుర్తులు. బిస్కెట్ తింటే మంట కాసేపు తగ్గుతుంది, మళ్ళీ మొదలు. అలా రోజుకి పది బిస్కెట్లు.

ఒక పరీక్ష చేసుకోండి. నాలుగు గుక్కలు నీళ్ళు తాగి పావుగంట ఆగండి. తగ్గితే అది దాహం. మంటగానే ఉంటే యాసిడ్. పడుకోవడానికి మూడు గంటల ముందే తినడం ముగించి, తలవైపు మంచం కాళ్ళ కింద ఇటుకలు పెట్టండి. కాఫీ, కారం తగ్గించండి. యాసిడ్ మాత్రని మీ అంతట మీరు మానేయకండి, డాక్టర్ చెప్పేదాకా వాడండి. ఇంకో మాట: ఒళ్ళు నొప్పులకి మందుల షాపులో అడిగి తెచ్చుకునే ఐబుప్రొఫెన్, డైక్లోఫెనాక్ లాంటివి వద్దు. బైపాస్ అయినవాళ్ళకి అతుకు దగ్గర పుండు పడే ప్రమాదం ఉంది. సిగరెట్ కూడా అదే పని చేస్తుంది.

కడుపు నిండే ఉంది, నోరే ఆగట్లేదు

నా ఆవకాయ జాడీ ఇదే. గుర్తుపట్టడం తేలిక. "ఇప్పుడు ఉడికించిన గుడ్డు ఇస్తే తింటావా?" అని మిమ్మల్ని మీరే అడగండి. తింటాను అనిపిస్తే అది కడుపు ఆకలి. గుడ్డు వద్దు గానీ మిక్చర్ అయితే ఓకే అనిపిస్తే అది నోటి ఆకలి. కడుపు ఆకలి మెల్లగా పెరుగుతుంది, ఏది పెట్టినా తింటుంది. నోటి ఆకలి ఉన్నట్టుండి వస్తుంది, ఫలానాదే కావాలంటుంది. చాలాసార్లు గడియారం చూసుకుని మరీ వస్తుంది.

నేను బడిలో టీచర్ని. ఇంటికొచ్చి హ్యాండ్‌బ్యాగ్ కుర్చీలో పడేయగానే చెయ్యి దానంతటదే జంతికల డబ్బా వైపు వెళ్ళేది. ఇరవై ఏళ్ళ అలవాటు. మనసుతో పోట్లాడి గెలవలేనని తెలిశాక దారి మార్చాను. ఇంటికి రాగానే వంటింట్లోకి కాకుండా నేరుగా మేడ మీదకి వెళ్ళి ఆరిన బట్టలు తీసి మడత పెట్టడం మొదలుపెట్టాను. పావుగంట గడిస్తే కోరిక సగం చల్లారేది. అప్పుడు కూర్చుని ఒక చిన్న గిన్నెలో ఉడికించిన శనగలు. డబ్బాలోంచి తింటే లెక్క ఉండదు కాబట్టి గిన్నెలోనే.

ఏడుపు, కోపం, ఒంటరితనం వచ్చినప్పుడల్లా తిండివైపే చూస్తున్నారంటే, దాచుకుని తింటున్నారంటే, సైకాలజిస్టుతో మాట్లాడండి. మన దగ్గర ఇది పిచ్చి డాక్టర్ దగ్గరకెళ్ళడంలా చూస్తారు. పట్టించుకోకండి. ఇదివరకు తిండి మీదకి పోయిన యావ సర్జరీ తర్వాత కొందరిలో మద్యం మీదకి మళ్ళుతుంది. అసలే బైపాస్ తర్వాత మద్యం త్వరగా, ఎక్కువగా ఎక్కుతుంది.

నాలుగు ముద్దలకే ఛాతీలో పట్టేసినట్టు, నురగలాంటి కఫం, వాంతి

గబగబా తిన్నారు, లేదా పెద్ద ముక్క మింగారు, లేదా పొడిగా ఉన్నది తిన్నారు. చపాతీ, బ్రెడ్డు, వేపుడు చికెన్, ముద్దకట్టిన అన్నం ఇందులో పేరు మోసినవి.

ఆపరేషన్ అయిన ఆరో నెలలో చుట్టాల పెళ్ళికి వెళ్ళాను. బంతిలో కూర్చున్నాక వడ్డించేవాళ్ళు ఆగరు, పక్కవాళ్ళు లేచేలోపు తినాలన్న టెన్షన్. మూడో ముద్ద మటన్ అడ్డం పడింది. నీళ్ళు తాగితే దిగుతుందనుకున్నాను. అదే తప్పు. ముక్క పైన నీళ్ళు నిలిచి రెండూ కలిసి వెనక్కి వచ్చాయి. పట్టుచీర కొంగు నోటికి అడ్డం పెట్టుకుని పరుగు.

అడ్డం పడితే తినడం ఆపి లేచి నడవండి. నీళ్ళతో తోయకండి. చాలాసార్లు కాసేపట్లో దిగిపోతుంది. గంటలు గడిచినా దిగకపోతే, ఉమ్మి కూడా మింగుడు పడకపోతే ఆసుపత్రికే. మళ్ళీ రాకుండా ఉండాలంటే టీ చెంచాతో తినండి, ముద్ద బఠాణీ గింజంత, పాతికసార్లు నమలండి, చెంచా కింద పెట్టి ఇంకోటి తీసుకోండి. మాంసం అయితే కైమా, పులుసుతో. ఇంకా, కడుపు నిండిన కబురు ఇప్పుడు వేరే దారిలో వస్తుంది. కొందరికి ఒక్క ఎక్కిలి, కొందరికి ముక్కు కారడం, నాకు తుమ్ము. తుమ్ము వచ్చిందంటే ఇంకో ముద్ద కూడా వద్దు, కంచంలో నెయ్యి ఉన్నా సరే.

వాంతులు రోజుల తరబడి సాగితే తేలిగ్గా తీసుకోకండి. ఒంట్లో బీ1 విటమిన్ త్వరగా అయిపోతుంది, అది మెదడుకీ నరాలకీ చేటు. తూలడం, చూపు రెండుగా కనపడడం ఉంటే అదే రోజు ఆసుపత్రికి.

తిన్నాక చెమటలు, గుండె దడ, నీరసం

బైపాస్ అయినవాళ్ళలో ఎక్కువ, స్లీవ్ వాళ్ళకీ రావచ్చు. టైము చూసుకోండి, కారణం తెలుస్తుంది. తిన్న పది నిమిషాల నుంచి అరగంటలోపు కడుపు పట్టేసి, దడ, విరేచనం వస్తే తీపి గబుక్కున పేగులోకి దిగిందన్నమాట. నాకు తెలిసిన ఒకావిడ బైపాస్ తర్వాత ఉగాదికి గ్లాసుడు పాయసం తాగి, పంచాంగ శ్రవణం అయ్యేదాకా పడుకునే ఉంది. తిన్న ఒకటి నుంచి మూడు గంటలకి చేతులు వణుకుతూ, పిచ్చి ఆకలిగా ఉంటే రక్తంలో షుగర్ పడిపోయి ఉండొచ్చు. ఇది నిజమైన ఆకలే, కానీ పుట్టించింది ముందు తిన్న తీపి.

మొదటిదానికి విరుగుడు: తీపి, పళ్ళరసం, కూల్‌డ్రింక్ మానడం. రెండోది అనుమానం ఉంటే గ్లూకోమీటర్‌తో చూడండి. 70 కన్నా తక్కువ ఉంటే 15 గ్రాముల గ్లూకోజ్ నీళ్ళలో కలిపి తాగి, పావుగంటకి మళ్ళీ చూసి, సర్దుకున్నాక ప్రోటీన్ ఉన్నదేదైనా తినండి. మిఠాయి పొట్లం విప్పితే మళ్ళీ అదే గుండ్రం తిరుగుతుంది. షుగర్ మందులు, ఇన్సులిన్ వాడేవాళ్ళు పాత మోతాదే కొనసాగించాలా అని డాక్టర్‌ని తప్పకుండా అడగాలి.

అసలు ఆకలే లేదు

విని సంతోషించే చుట్టాలుంటారు. మొదటి నెలల్లో ఇది మామూలే, అయినా గడియారం చూసి తినాలి. మూడు పూటలు, అవసరమైతే మధ్యలో ఒకటో రెండో. ఫోన్‌లో అలారం పెట్టుకోండి. తినకుండా బరువు తగ్గితే కండ కరుగుతుంది. మూడు నాలుగు నెలలకి దువ్వెన నిండా జుట్టు వస్తే భయపడకండి, బరువు వేగంగా తగ్గినప్పుడు చాలామందికి అవుతుంది, కొన్ని నెలల్లో తిరిగొస్తుంది. ఆ తర్వాత కూడా రాలుతుంటే ప్రోటీన్, ఐరన్ చూపించుకోండి. శనివారం ఒక్కపొద్దులు, ఉపవాసాలు మీ డాక్టర్ సరేననేదాకా పక్కన పెట్టండి.

మాత్రలు జీవితాంతం. బీ12, ఐరన్, కాల్షియం, డీ. ఐరన్‌ని టీతో వేసుకోవద్దు, ఐరన్‌కీ కాల్షియంకీ మధ్య రెండు గంటలు ఎడం ఉంచండి.

ఇంట్లోవాళ్ళు ఊరుకోరు

"పిట్టలా తింటున్నావేంటమ్మా, ఇంకో గరిటె వేసుకో" అని మా అత్తయ్య. ఆవిడది ప్రేమే. వద్దత్తయ్యా అంటే చిన్నబుచ్చుకునేది. ఆవిడని ఒకసారి నాతోపాటు డైటీషియన్ దగ్గరికి తీసుకెళ్ళాను. నేను ఆరు నెలలు చెప్పినా ఎక్కనిది ఆ పావుగంటలో ఎక్కింది. ఇప్పుడు నా నీళ్ళ సీసా ఎంత ఖాళీ అయిందో ఆవిడే చూస్తుంది. అది ఇంకో రకం బాధనుకోండి.

రెండో ఏడు దాటాక ఆకలి తిరిగొచ్చింది, బరువు పెరుగుతోంది

ఆకలి కొంత తిరిగిరావడం సహజం, పొట్ట కాస్త సాగుతుంది, శరీరం పాత బరువుకి లాగుతుంది. తగ్గినదాంట్లో కొంచెం తిరిగి పెరగడం చాలామందిలో ఉంటుంది. అయితే నెల నెలా పెరుగుతుంటే పూటకి తినే కొలత కన్నా పూటల మధ్య నమిలేదాన్ని చూడండి. టీలో ముంచిన బిస్కెట్లు, ఐస్‌క్రీమ్, మిక్చర్, చెగోడీలు. వీటిని నేను జారుడు తిండి అంటాను. కడుపు నిండదు కాబట్టి ఆపే తుమ్మూ రాదు.

మూడు రోజులు నోట్లోకి వెళ్ళిన ప్రతిదీ రాయండి, అబద్ధం లేకుండా. ఆ కాగితంతో డైటీషియన్ దగ్గరికి వెళ్ళండి. ఆపరేషన్ విఫలమైందని సిగ్గుపడి మొహం చాటేయకండి. అవసరమైతే మందులు ఉన్నాయి, ఎండోస్కోపీ చేసి పొట్ట ఎలా ఉందో కూడా చూస్తారు.

మూడో ఏడు నాకు నాలుగు కిలోలు పెరిగాయి. భోజనం పెరగలేదని ప్రమాణం చేసి చెప్పగలిగేదాన్ని. చిట్టా రాస్తే బయటపడింది. స్టాఫ్‌రూమ్‌లో నా బల్ల మీద వేయించిన పల్లీల డబ్బా, పీరియడ్‌కీ పీరియడ్‌కీ మధ్య గుప్పెడు. డబ్బాని లెక్కల మాస్టారి బల్ల మీదకి మార్చాను. రెండు నెలల్లో మూడు కిలోలు తగ్గాయి. మాస్టారు మొన్న బెల్టుకి కొత్త చిల్లు పొడిపించుకున్నారు.