కుర్చీకి కాస్త దూరంగా – 3వ పాఠం: హాస్టల్ గదిలో నిలబడి చదువుకునే చోటు

మొదటి పాఠంలో మూడు రోజుల పట్టీ రాశారు. నిద్ర లేచింది మొదలు పడుకునేదాకా ఎంతసేపు కూర్చున్నారో అందులో ఉంది. ఆ అంకె ఆరు, ఏడు గంటల దగ్గర ఆగిందంటే ఒకసారి మళ్ళీ చూసుకోండి. విశ్వవిద్యాలయ విద్యార్థుల మీద వచ్చిన అధ్యయనాలన్నిటినీ కలిపి 2020లో వేసిన లెక్కలో, విద్యార్థులు తమంతట తాము చెప్పిన సగటు రోజుకు 7.3 గంటలు. ఒంటికి పరికరం కట్టి కొలిస్తే వచ్చింది 9.8 గంటలు. సాధారణంగా మనం మరిచిపోయేది మంచం మీద దిండుకు ఆనుకుని ఫోన్ చూసిన సమయం. మెలకువగా ఉండి వాలినా, పడుకున్నా అది కూర్చున్న లెక్కలోకే వస్తుంది. నేల మీద బాసింపట్టు వేసుకున్నా అంతే.

రెండో పాఠంలో అరగంటకోసారి అలారం పెట్టుకుని లేచి రెండు నిమిషాలు నడిచారు. చాలామందికి నాలుగో రోజుకల్లా ఆ అలారం నొక్కేసి కూర్చోవడం అలవాటైపోతుంది. అది బద్ధకం కాదు. లెక్క సగంలో ఉండగా మోగితే ఎవరైనా నొక్కేస్తారు. అందుకే ఈ పాఠంలో దారి మార్చుతున్నాం. పనిని ఆపి లేవడం కాదు, కొన్ని పనులను మొదటినుంచీ నిలబడే చేయడం. పరీక్షల ముందు మేడ మీద అటూ ఇటూ తిరుగుతూ వల్లె వేయడం మనవాళ్ళకు కొత్తేమీ కాదు. దానికి గదిలోనే ఒక స్థిరమైన చోటు కడితే పరీక్షలు లేని రోజుల్లోనూ సాగుతుంది.

ముందే ఒక మాట. నిలబడితే బరువు తగ్గుతుందని ఆశపడకండి. కూర్చోవడానికీ కదలకుండా నిలబడటానికీ తేడా నిమిషానికి సుమారు 0.15 కిలోకాలరీలు. రెండు గంటలకు 18, అంటే ఒక చెంచా పంచదార. నిలబడటంతో అసలు లాభం వేరు. నిలబడ్డ మనిషి ఊరికే ఉండలేడు: బరువు ఒక కాలి నుంచి ఇంకో కాలికి మారుస్తాడు, పుస్తకం కోసం రెండడుగులు వేస్తాడు, కిటికీ దాకా వెళ్ళొస్తాడు. ఆ కదలిక కోసమే ఈ ఏర్పాటంతా.

మీ ఎత్తు కొలవండి

గదిలో మామూలుగా వేసుకునే చెప్పులతో గోడ పక్కన నిటారుగా నిలబడండి. భుజాలు వదులుగా ఉంచి మోచేతిని ఎల్ ఆకారంలో మడవండి. మోచేతి అడుగు భాగం దగ్గర స్నేహితుడితో పెన్సిల్ గీత పెట్టించండి. నేల నుంచి ఆ గీత దాకా ఎంతో అదే మీ బల్ల ఎత్తు. 165 సెంటీమీటర్ల మనిషికి ఇది 103 దగ్గర, 157కు 99, 178కి 112 దగ్గర వస్తుంది. ఇవి అంచనాలు మాత్రమే. ఎత్తు ఒకటే అయినా చేతుల పొడవు వేరుగా ఉంటుంది కాబట్టి గోడ మీది గీతనే నమ్మండి.

హాస్టల్ టేబుళ్ళు ఎక్కువగా 75 సెంటీమీటర్లుంటాయి. అంటే 165 సెంటీమీటర్ల మనిషికి ఇంకా 28 కావాలి. ఇక్కడే జిరాక్స్ షాపు పనికొస్తుంది. ఏ4 కాగితం ఐదు బండిళ్ళు పట్టే ఖాళీ అట్టపెట్టె 26 సెంటీమీటర్ల దగ్గర ఉంటుంది. దాని మీద 12 మిల్లీమీటర్ల ప్లైవుడ్ ముక్క వేస్తే మొత్తం 102 దాటుతుంది. ఒకట్రెండు సెంటీమీటర్ల తేడా ఇబ్బంది పెట్టదు.

కావలసినవి: ఒకే రకం అట్టపెట్టెలు రెండు, 60 × 40 సెంటీమీటర్ల ప్లైవుడ్ ముక్క (వడ్రంగి దగ్గర మిగిలిన ముక్కల్లో దొరుకుతుంది), పాత వార్తాపత్రికలు లేదా గత సెమిస్టర్ల రికార్డులు, బ్రౌన్ టేపు, పంక్చర్ షాపు నుంచి పాత సైకిల్ ట్యూబు రెండు జానల ముక్క.

పెట్టెలను నిలువుగానే వాడండి, పక్కకు పడుకోబెట్టవద్దు. అట్ట లోపలి గాడులు పెట్టె నిలువుగా ఉన్నప్పుడు స్తంభాల్లా నిలబడి బరువు మోస్తాయి. పక్కకు తిప్పితే అదే అట్ట నొక్కుకుపోతుంది. లోపల కాగితాలు బిగుతుగా, పైఅంచు దాకా నింపి టేపు వేయండి. ఖాళీ పెట్టె మూలలు గట్టిగానే ఉంటాయి కానీ మధ్యభాగం దిగబడి ల్యాప్‌టాప్ ఒరుగుతుంది. రెండు పెట్టెలనూ టేబుల్ ముందంచుకు దగ్గరగా, మధ్య జానెడు సందుతో పెట్టి పైన ప్లై వేయండి. పెట్టెల కింద, ప్లై కింద ట్యూబు ముక్కలు పెడితే జారదు. పొట్టివాళ్ళు పెట్టె తెరిచిన వైపు అంచును కట్టర్‌తో కావలసినంత కోసి, బోర్లించి వాడవచ్చు. పొడుగువాళ్ళు పెట్టెల మీద లావు రికార్డులు ఒక వరస పేర్చి, ఆపైన ప్లై వేసుకుంటే సరిపోతుంది.

వానాకాలంలో అట్ట చెమ్మ పీలుస్తుంది. పెట్టె మూలలు గుండ్రంగా మారినా, వేలితో నొక్కితే మెత్తగా తగిలినా ఆ రోజే మార్చేయండి. ల్యాప్‌టాప్ పడిపోయాక కాదు.

ఎత్తు ఒకటే అయినా పనులు మూడు. టైపు చేయడానికి కీబోర్డు మోచేతి గీత దగ్గరే ఉండాలి, పైన కాదు. రాయడానికి గీత కన్నా ఐదు సెంటీమీటర్ల వరకు ఎత్తున్నా బాగుంటుంది, నడుము వంగదు. చదవడానికి ఇంకా ఎత్తు కావాలి: పుస్తకాన్ని ఏటవాలుగా, గీతకు కనీసం 15 సెంటీమీటర్ల పైన ఉంచండి. వెనక రెండు లావు పుస్తకాలు, ముందు జారకుండా ఒక రబ్బరు ముక్క చాలు. వీడియో పాఠం చూసేటప్పుడు ప్లై మీద అలాంటిదే ఇంకో పెట్టె పెట్టి, దాని మీద ల్యాప్‌టాప్ ఉంచితే తెర పైఅంచు ఇంచుమించు కంటికి సమంగా వస్తుంది. టైపుకూ చూడటానికీ ఒకే ఎత్తు కుదరదు. ల్యాప్‌టాప్‌లో తెరా కీబోర్డూ అతికే ఉంటాయి కాబట్టి ఒకటి సరైతే రెండోది తప్పుతుంది. విడి కీబోర్డు లేకపోతే నిలబడి టైపు చేయడం 15 నిమిషాలకు మించనివ్వకండి.

కింద కూడా చూసుకోవాలి. టైల్స్ మీదా గ్రానైట్ మీదా పావుగంటకే అరికాళ్ళు మండుతాయి. గోనెసంచి నాలుగు మడతలు వేసో, యోగా చాపను రెండు మడతలు వేసో పరచండి. గోనెసంచి టైల్స్ మీద జారుతుంది, దాని కిందా ట్యూబు ముక్కలు పెట్టండి. పక్కన పాతగుడ్డ చుట్టిన ఇటుక ఒకటి ఉంచి, కాసేపు ఒక కాలు, కాసేపు ఇంకో కాలు దాని మీద పెడుతూ ఉండండి. ఒక కాలు ఎత్తు మీద ఉంటే నడుము దగ్గరి వంపు తగ్గి బిగువు సడలుతుంది.

లైటు సంగతి చాలామందికి తట్టదు. ట్యూబ్‌లైటు వీపు వైపు ఉంటే, నిలబడగానే మీ తల నీడ పుస్తకం మీదే పడుతుంది. టేబుల్‌ను పక్కకు తిప్పి, కుడిచేత్తో రాసేవాళ్ళు వెలుగు ఎడమ నుంచి వచ్చేలా చూసుకోండి. మీ నీడ గదిలో తోడున్నవారి పుస్తకం మీద పడుతోందేమో కూడా గమనించండి. ఫ్యాను గాలికి కాగితాలు ఎగరకుండా రెండు క్లిప్పులు.

ఏ పనులు నిలబడి, ఏవి కూర్చుని

ఎత్తు కుదిరినా తప్పు పని తీసుకొచ్చి పెట్టుకుంటే ఇదంతా రెండు రోజుల్లో మూలన పడుతుంది. రికార్డు చేసిన క్లాసులు వినడం, ఒకసారి చదివిన నోట్స్ మళ్ళీ చదవడం, ఫార్ములాలు వల్లె వేయడం, వైవా ప్రశ్నలు ఒకరినొకరు అడుక్కోవడం, ఇంటికి ఫోన్ చేయడం, మెయిళ్ళు చూడటం నిలబడి చేయండి. ఇంజనీరింగ్ డ్రాయింగ్, మొదటిసారి చూస్తున్న డెరివేషన్, మొండికేసిన ప్రోగ్రాంలో తప్పు వెతకడం, రికార్డు రాయడం కూర్చునే చేసుకోండి. మాదిరి ప్రశ్నపత్రం కూడా కూర్చునే రాయాలి. అసలు పరీక్ష మూడు గంటలు కూర్చుని రాసేదే కాబట్టి చేయికీ నడుముకూ ఆ సాధన కావాలి.

ఒక కాగితం మీద మీ వారం పనులు పది రాసి, నిలబడేవాటి పక్కన 'ని' అని గుర్తు పెట్టండి. నాలుగుకు తగ్గకుండా, ఆరుకు మించకుండా ఉంటే మంచిది. అన్నిటికీ 'ని' పెట్టేవాళ్ళే ముందు మానేస్తారు.

ఎంతసేపు

మొదటి వారం 15 నిమిషాల చొప్పున రోజుకు నాలుగుసార్లు. రెండో వారం 20, మూడో వారం 25, నాలుగో వారం 30. అప్పటికి రోజుకు రెండు గంటలవుతుంది. కుర్చీల్లో పనిచేసే ఉద్యోగులకు నిపుణులు 2015లో చెప్పిన తొలి లక్ష్యం కూడా నిలబడటం, తేలిక నడక కలిపి రెండు గంటలే. ఒక విడతలో 30 నిమిషాలు దాటవద్దు. ప్రతి విడత చివర కారిడార్‌లో రెండు నిమిషాలు నడిచాకే కూర్చోండి. ఈ నడకను మాత్రం మానకండి. 20 నిమిషాలకోసారి రెండు నిమిషాలు నడిచిన పెద్దవాళ్ళలో తిండి తర్వాత రక్తంలో గ్లూకోజు తక్కువగా పెరిగిందని 2012లో ఆస్ట్రేలియా పరిశోధకులు చూపించారు. అది నడకతో వచ్చిన ఫలితం. అందుకే మెస్‌లో భోజనం కాగానే మొదటి విడత పెట్టుకోండి, దాన్ని నడకతోనే మొదలుపెట్టండి.

నొప్పి ఎక్కడో చూసి తప్పు ఎక్కడో కనిపెట్టడం

ఈ వారం పట్టీలో మూడు గడులు చాలు: పని, నిమిషాలు, ఎక్కడ నొప్పి. మూడో గడిని ఖాళీగా వదలకండి, బల్లలో లోపం ఎక్కడుందో అదే చెబుతుంది.

మెడ వెనక లాగుతుంటే పుస్తకమో తెరో కిందికి ఉంది. భుజాల పైభాగం బిగుసుకుంటే బల్ల మరీ ఎత్తు, చేతులు ఎత్తిపెట్టి పనిచేస్తున్నారు. మణికట్టు నొప్పి పెడితే ప్లై అంచు గుచ్చుకుంటోందేమో చూడండి, అంచుకు గుడ్డ చుడితే పోతుంది. అరికాళ్ళ మంట నేల వల్లే. నడుము నొప్పికి కారణాలు రెండు. బల్ల పొట్టిదై ముందుకు వంగుతున్నారు, లేదా మోకాళ్ళు వెనక్కి బిగించి కొయ్యలా నిలబడుతున్నారు. మొదటిదైతే కొలత మళ్ళీ తీయండి. రెండోదైతే మోకాళ్ళు ఇసుమంత వదులు చేసి ఇటుకను వాడండి.

మోకాళ్ళు బిగించడం నడుముకే కాదు, తలకూ చేటు. నిలబడి ఉన్నప్పుడు కాళ్ళలోని రక్తాన్ని పైకి నెట్టేవి పిక్క కండరాలు. అవి కదలకపోతే రక్తం కాళ్ళలోనే నిలిచిపోయి, ఎండాకాలంలో, నీళ్ళు తాగని రోజు కళ్ళు తిరుగుతాయి. ఐదారు నిమిషాలకోసారి మడమలెత్తి దించండి, పదిసార్లు. కళ్ళు తిరిగినట్టనిపిస్తే ఓర్చుకుని నిలబడకుండా వెంటనే కూర్చోండి లేదా పడుకోండి, తర్వాత నీళ్ళు తాగండి. కాళ్ళలో సిరలు ఉబ్బినవాళ్ళు, బీపీ తక్కువగా ఉండేవాళ్ళు, రక్తహీనత ఉన్నవాళ్ళు, మోకాలికో చీలమండకో దెబ్బ తగిలినవాళ్ళు డాక్టరును అడిగాకే మొదలుపెట్టాలి. నెలసరి నొప్పులున్న రోజుల్లో విడతలు సగానికి తగ్గించుకుంటే తప్పేమీ లేదు.

సాయంత్రానికి సాక్స్ అంచు చర్మంలో లోతుగా దిగబడి గుర్తు పడుతుంటే నిలబడటం ఎక్కువై, నడక తక్కువైందన్నమాట. ఆ మరుసటి రోజు విడత ఐదు నిమిషాలు తగ్గించి, ఆ ఐదూ నడకకు కలపండి.

ఈ వారం పని

మొదటి రోజు గోడ మీద గీత, అట్టపెట్టెలు. రెండో రోజు పనుల కాగితం. మూడో రోజు నుంచి ఐదు రోజులు, 15 నిమిషాల విడతలు నాలుగు. ఏ రోజైనా రెండు విడతలే కుదిరితే రెండే రాయండి, మర్నాడు ఆరు చేసి సరిచేయాలని చూడకండి.

వచ్చే పాఠంలో తరగతి గదికి వెళ్దాం. వరసగా మూడు పీరియడ్లు కుర్చీలో గడిపేవాళ్ళు చివరి బెంచీ వెనక నిలబడి వినడానికి అధ్యాపకులను ఎలా అడగాలో, ల్యాబ్‌లో స్టూలు లేకుండా ఏ పనులు చేయవచ్చో చూద్దాం. మీ సెమిస్టర్ టైంటేబుల్ కాపీ ఒకటి దగ్గర పెట్టుకోండి.