గోదావరి డెల్టాలో పెద్దపండగ, అంటే సంక్రాంతి, ఎలా చేయాలి? నెల పట్టిన నాటి నుంచి ప్రభల తీర్థం దాకా

డిసెంబరు 16 అటూ ఇటూ ధనుర్మాసం మొదలవుతుంది. ఆ రోజునే మన వైపు 'నెల పట్టారు' అంటారు. సార్వా (ఖరీఫ్) కోతలు ముగిసి, గాదెల్లోకి ధాన్యం చేరి, దాళ్వా (రబీ) నారుమళ్లు పచ్చబడే రోజులవి. అక్కడి నుంచి భోగికి నెల రోజులు కూడా ఉండవు. భోగి జనవరి 13నో 14నో వస్తుంది కాబట్టి ముందు పంచాంగం చూసి తేదీ ఖాయం చేసుకుని, వెనక్కి లెక్క వేసుకోండి.

డెల్టాలో పండగ పని చెడిందంటే నూటికి తొంభైసార్లు కారణం తడే. చుట్టూ కాలువలు, నీళ్లు పెట్టిన చేలు, కొబ్బరి తోటలు. ఆకాశం తేటగా ఉన్న రాత్రి కురిసే మంచుకి తెల్లారేసరికి అరుగు మీద వదిలేసిన చాప కూడా చేతికి తడి తగులుతుంది. పిడకలు ఎండవు, మంట అంటుకోదు, ముగ్గు రంగులు కారిపోతాయి. తీరా అరిసెల పిండి దగ్గరికొచ్చేసరికి మాత్రం ఆ తడే కావాలి, అది ఆరిపోతే అరిసె రాయైపోతుంది. తడి ఎక్కడ ఉండాలో, ఎక్కడ ఉండకూడదో తెలిస్తే సగం పండగ చేసినట్టే.

భోగి పిడకలు: జనవరి మొదటి వారానికల్లా

రోజూ పెట్టిన గొబ్బెమ్మల్ని మర్నాడు పారేయకండి, అవే పిడకలవుతాయి. చాలకపోతే ఆ పొద్దుటి ఆవుపేడ తెచ్చుకోండి. పచ్చగడ్డి మేసిన ఆవు పేడ పల్చగా ఉంటుంది, అందులో గుప్పెడు వరి ఊక కలిపితే పట్టు వస్తుంది. చిన్నపిల్లల అరచేతంత బిళ్ల, వేలెడు మందం. నడుమ చిల్లు బొటనవేలు దూరేంత పెట్టాలి. ఎండేకొద్దీ పిడకతోపాటు చిల్లూ ముడుచుకుంటుంది, చిటికెనవేలితో పెట్టిన చిల్లులోకి తర్వాత తాడు దూరదు.

మొదటి రోజు కదపకుండా ఎండబెట్టి, రెండో రోజు తిరగేయండి. నాలుగైదు ఎండలు కావాలి. అందరూ మరిచిపోయేది సాయంత్రం సంగతి. పొద్దు వాలకముందే లోపలికి తెచ్చుకోకపోతే పగలంతా ఆరింది రాత్రి మంచుకి మళ్లీ నానుతుంది, అలా నాలుగు రోజులైతే బూజు పడుతుంది. ఒకటి విరిచి చూడండి. లోపల ఇంకా పచ్చగా ఉంటే మరో రోజు ఎండాలి. రెండు పిడకలు తాటించినప్పుడు టకటకమంటే దండ గుచ్చొచ్చు. పురికొసతోగానీ అరటి నారతోగానీ గుచ్చండి. నైలాన్ తాడు మంటలో కరిగి చుక్కలు చుక్కలుగా పడుతుంది, దండ వేసే పిల్లల చేతులు అక్కడే ఉంటాయి.

ముగ్గులు, గొబ్బెమ్మలు

కల్లాపి చల్లగానే ముగ్గు వేస్తే గీత విచ్చుకుపోతుంది. నేల మీద నీటి మెరుపు పోయి, రంగు మాత్రం ముదురుగా ఉన్నప్పుడు మొదలుపెట్టండి. శీతాకాలంలో దానికి పది, పదిహేను నిమిషాలు పడుతుంది. రంగులు ఎక్కువ రావాలని చాలామంది ఉప్పు కలుపుతారు. డెల్టాలో ఆ పని చేయకండి, ఉప్పు మంచుని పీల్చుకుని ఎరుపూ పసుపూ ఒకదాంట్లో ఒకటి కలిసిపోతాయి. జల్లించి బాగా ఎండబెట్టిన ఇసుక కలిపితే తెల్లారినా అలాగే నిలుస్తాయి. ముగ్గుపిండిలో కాస్త బియ్యప్పిండి కూడా వేయండి, చీమలకీ పిచ్చుకలకీ అది వాటా.

గొబ్బెమ్మల మీదకి గుమ్మడిపూలు కోసేటప్పుడు కాడ చూడండి. సన్నటి పొడుగు కాడతో నిలబడేది మగపువ్వు, అదే కోయాలి. పువ్వు అడుగున చిన్న పిందె ఉంటే ఆడపువ్వు, అది కోస్తే కాయ పోయినట్టే. తెల్లవారుజామున విచ్చిన పువ్వు ఎండెక్కేసరికి ముడుచుకుంటుంది కాబట్టి ముందురోజు కోసి ఉంచితే పనికిరాదు.

హరిదాసు వచ్చే వేళకి గుమ్మం దగ్గర పళ్లెంలో బియ్యం సిద్ధంగా పెట్టుకోండి. నెత్తిమీది పాత్రతో ఆయన ఎక్కువసేపు ఆగడు. బియ్యం పిల్లల చేత వేయించడం మంచిది. గంగిరెద్దుకి పాత బట్టో, ధాన్యమో ఇవ్వడం ఎలాగూ తెలిసిందే.

అరిసెలు: భోగికి మూడు, నాలుగు రోజుల ముందు

కిలో బియ్యానికి ముప్పావు కిలో బెల్లం. ఓ మోస్తరు సైజులో నలభై నుంచి యాభై అరిసెలు వస్తాయి. బియ్యం స్వర్ణ రకంలాంటి దొడ్డువి తీసుకోండి. (స్వర్ణ అంటే ఎంటీయూ 7029, మన మార్టేరు పరిశోధన స్థానంలో పుట్టిన వంగడమే.) సన్నబియ్యంతో అరిసెకి ఆ మెత్తదనం రాదు.

1. బియ్యం కడిగి ఒక పగలూ ఒక రాత్రీ నానబెట్టండి. ఏడెనిమిది గంటలకోసారి నీళ్లు మార్చాలి, లేకపోతే పులిసిన వాసన వస్తుంది. ఆ వాసన నేతిలో కూడా పోదు.

2. నీళ్లు వంచి జల్లిబుట్టలో వేసి చుక్క కారడం ఆగేదాకా ఉంచండి. బట్ట మీద ఆరబోస్తే పావుగంట మించకూడదు. తడి బియ్యం ఆడే మరకే తీసుకెళ్లండి. పండగ ముందు మర దగ్గర వరస ఉంటుంది కాబట్టి బియ్యం మీద తడిగుడ్డ కప్పుకుని వెళ్లాలి.

3. పిండి గుప్పిట్లో పట్టి నొక్కితే ముద్ద కట్టాలి, వేలితో తాకితే విరగాలి. జల్లించి, గిన్నెలో అదిమి, మూత పెట్టండి. గాలి తగిలితే తడి ఆరుతుంది. గుప్పెడు పిండి విడిగా దాచండి.

4. బెల్లం కొట్టి, గ్లాసుడు నీళ్లు పోసి కరిగించి వడకట్టండి. చెరుకు పిప్పి, ఇసుక ఏదో ఒకటి ఉంటుంది. తర్వాత పాకం పట్టండి. పళ్లెంలో నీళ్లు పోసి ఒక చుక్క వేసి చూడాలి. చెదిరిపోతే ఇంకా లేతగా ఉంది. వేళ్లతో దగ్గరికి తీస్తే మెత్తటి ఉండై, పళ్లెం వంచినా జారకుండా నిలబడితే సరిపోయింది. ఆ ఉండ పళ్లేనికి కొట్టినప్పుడు ఠక్కుమంటే ముదిరింది. లేతకీ ముదురుకీ మధ్య ఒకటి రెండు నిమిషాలే తేడా. ఆ కాసేపూ పొయ్యి దగ్గర నుంచి కదలొద్దు, ఫోన్ వచ్చినా సరే.

5. పొయ్యి కట్టేసి రెండు గరిటెల నెయ్యి, యాలకుల పొడి, నువ్వులు వేయండి. ఒకరు పిండి గుప్పెళ్లతో పోస్తుంటే ఇంకొకరు తెడ్డుతో కలపాలి, ఇది ఒంటిచేత్తో అయ్యే పని కాదు. చలిమిడికన్నా కాస్త పల్చగా, తెడ్డు నుంచి బరువుగా జారేలా ఉన్నప్పుడు ఆపేయండి. చల్లారితే అదే గట్టిపడుతుంది.

6. అరటాకుకి నూనె రాసి, నిమ్మకాయంత ఉండని వేళ్లతో అద్ది, మధ్యరకం సెగ మీద నూనెలో వేయండి. రెండు వైపులా ఎర్రబడగానే తీసి అరిసెల చెక్కల మధ్య నొక్కాలి. అరిసె కింద కారే నూనె చూస్తేనే నొక్కడం ఎందుకో అర్థమవుతుంది.

మొదటి అరిసె ఒక్కటే వేసి చూడండి. నూనెలో విచ్చిపోతే పాకం లేతదని అర్థం, దాచిన పిండి కొంచెం కలపండి. అంచులు పగిలి గట్టిగా వస్తే పాకం ముదిరింది, వేడి పాలు చెంచా చెంచాగా పోసి మర్దించండి. అప్పటికీ బాగుపడకపోతే ఆ పిండితో అరిసె మీద పంతం పట్టకుండా, వేయించిన కొబ్బరి ముక్కలు కలిపి పాకుండలు చేసేయండి. గోదావరి ఇళ్లల్లో పాకుండలకి పేరు పెట్టేవాళ్లుండరు. ఏది చేసినా పూర్తిగా చల్లారాకే డబ్బాలో పెట్టాలి. వెచ్చగా మూతపెడితే ఆవిరి చేరి బూజు పడుతుంది.

భోగి మంట

చోటు ఎంచుకోవడమే పెద్ద పని. పైన కరెంటు తీగ ఉండకూడదు, కొబ్బరి చెట్టు మొవ్వు ఉండకూడదు. వరిగడ్డి మేట్లు కనీసం ఇరవై, ముప్పై గజాల దూరంలో ఉండాలి. ఈ కాలంలో ప్రతి దొడ్లోనూ కొత్త గడ్డి మేటు ఉంటుంది, కొబ్బరి మట్ట నుంచి లేచిన నిప్పురవ్వ చాలాదూరం పోతుంది. తారు రోడ్డు మీద వేస్తే రోడ్డు కరుగుతుంది, మట్టి నేల చూసుకోండి.

కట్టెలు వారం ముందే పోగుచేయండి. ఎండిన తాటి మట్టలు, కొబ్బరి డొక్కలు, పాత దుంగలు మంచివి. టైర్లు, ప్లాస్టిక్ కుర్చీలు, రంగు వేసిన తలుపులు వద్దు. ఆ పొగ పీల్చేది మంట చుట్టూ నిలబడిన మన పిల్లలే. ముందురోజు రాత్రి కట్టెల మీద టార్పాలిన్ కప్పి, అంచులకి ఇటుకలు పెట్టండి. అడుగున కూడా రెండు వరసలు ఇటుకలు పేర్చి, వాటి మీద కట్టెలు ఉంచాలి. నేల నుంచి తేమ లాగడం పైనుంచి పడే మంచుకేమీ తీసిపోదు.

పేర్చేటప్పుడు లావు దుంగలు నాలుగైదు గోపురంలా ఒకదానికొకటి ఆనించి నిలబెట్టి, లోపల ఖాళీ ఉంచండి. ఆ ఖాళీలో ఎండు కొబ్బరి పీచు, తాటాకులు కూరాలి. గాలి వచ్చే వైపు చెయ్యి పట్టేంత సందు వదలండి, అంటించేది అక్కడే. కర్పూరం బిళ్లలు నాలుగు, నేతిలో తడిపిన గుడ్డ ఒకటి చాలు. పెట్రోలు పోయడం మాత్రం ఎట్టి పరిస్థితుల్లోనూ వద్దు. దాని ఆవిరి ముందుగా అంటుకుని పోసినవాళ్ల ముఖం మీదకే వస్తుంది.

తెల్లవారుజామున నాలుగింటికి అంటిస్తే నాలుగున్నరకి మంట నిలబడుతుంది. పట్టు పరికిణీలు, సింథటిక్ ఓణీలు వేసుకున్న పిల్లల్ని నాలుగడుగుల అవతలే ఉంచి, దండలు పెద్దవాళ్ల చేయి పట్టుకుని వేయించండి. రెండు బిందెల నీళ్లు, ఒక తట్ట ఇసుక పక్కనే ఉండాలి. స్నానానికి నీళ్లు కాచుకునేవాళ్లు మంట తగ్గి నిప్పులు పడ్డాకే కాగు పెట్టాలి.

భోగిపళ్లు

పదిమంది పిల్లలకి కిలో రేగుపళ్లు, ఒక చెరుకు గడ, అరకిలో బంతిపూల రేకలు, పావుకిలో నానిన శనగలు, కడిగి తుడిచిన చిల్లర నాణేలు సరిపోతాయి. నాటు చిన్న రేగుపళ్లే తీసుకోండి, పెద్ద గంగరేగు తల మీద పడితే ఏడుస్తారు. చెరుకు గోటంత ముక్కలు చేయాలి. ముత్తయిదువలు దోసిట్లో పట్టి తల చుట్టూ మూడుసార్లు తిప్పి పోస్తారు. అయ్యాక చాప దులిపి నాణేలు, రేగు గింజలు, శనగలు వెంటనే ఏరేయండి. పాకే పిల్లలు చేతికి దొరికింది నోట్లో పెట్టుకుంటారు, గొంతుకి అడ్డం పడేవి ఇవే.

సంక్రాంతి రోజు పెద్దలకి బట్టలు పెట్టడం, తర్పణాలు, కొత్త బియ్యం పరమాన్నం ఏ ఇంటి ఆచారం ప్రకారం ఆ ఇంట్లో జరుపుకోవాలి.

కనుమ: జగ్గన్నతోటకి వెళ్లడం

'కనుమనాడు కాకైనా కదలదు' అంటారు కానీ, కోనసీమలో ఆ రోజు సాక్షాత్తూ రుద్రులే కదులుతారు. అంబాజీపేట మండలం మొసలపల్లి శివారు జగ్గన్నతోటకి చుట్టుపక్కల ఊళ్ల నుంచి ఏకాదశ రుద్రుల (పదకొండు ఊళ్ల శివుళ్ల) ప్రభలు వస్తాయి. ప్రభ అంటే వెదురుతో కట్టి, గుడ్డలూ గంటలతో అలంకరించి, దేవుణ్ణి ఉంచి భుజాల మీద మోసుకొచ్చేది. అక్కడ గుడి లేదు, ఉన్నది కొబ్బరి తోట. 2023 గణతంత్ర దినోత్సవానికి ఢిల్లీలో మన రాష్ట్ర శకటంగా నడిచింది ఈ తీర్థమే. వ్యాఘ్రేశ్వరం ప్రభ వచ్చేసరికి మిగతావాటిని గౌరవంగా ఒక్కసారి పైకెత్తుతారు, అది చూడడానికి ముందుగా చోటు చూసుకోవాలి.

రైల్లో వచ్చేవాళ్లు రాజమండ్రిలో దిగి అమలాపురం వైపు బస్సు ఎక్కండి. ఇంట్లో మినపగారెలు తినేసి, మధ్యాహ్నానికల్లా అంబాజీపేట చేరండి. బండి దూరంగానే ఆపి మిగతా దారి నడవాలి. గంగలకుర్రు, గంగలకుర్రు అగ్రహారం ప్రభలు ఎగువ కౌశిక కాలువ దాటడమే అన్నిటికన్నా కష్టమైన ఘట్టం. 'అశ్శరభ శరభ' అంటూ నీళ్లలోకి దిగినవాళ్లకి కాలి కింద బురద, భుజం మీద ప్రభ, కళ్లకి అడ్డంగా తాళ్లు. ఎదురుగా ఎవరున్నదీ వాళ్లకి కనపడదు. కాబట్టి గట్టు మీద, ప్రభ ఎక్కే దారికి పక్కగా నిలబడండి. తడిసిన గట్టు అంచు జారుతుంది, పిల్లల్ని అక్కడికి పంపకండి. ప్రభలు దాళ్వా చేల మీదుగా వస్తాయి. రైతులు అది అదృష్టమనుకుని తొక్కనిస్తారు, కానీ ఆ అనుమతి ప్రభకే, మనకి కాదు. మనం గట్లమీదే నడవాలి.

పిల్లలకి చిన్న ప్రభ కట్టివ్వాలంటే నాలుగడుగుల వెదురు బొంగులు రెండు సమాంతరంగా పెట్టి, అడ్డంగా రెండు కట్టండి. వంపుకి వేలెడు వెడల్పు వెదురు బద్దలు కావాలి. వాటిని ఒక రాత్రంతా కాలువ నీళ్లలో నానబెట్టాలి, ఎండు బద్ద వంచితే విరుగుతుంది. వంచి రెండు కొసలూ బొంగులకి కొబ్బరి తాడుతో బిగించి, నీడలో ఒక రోజు ఆరనివ్వండి. ఆరాక వంపు అలాగే నిలుస్తుంది. అప్పుడు కొత్త గుడ్డ చుట్టి, వరి కంకులు, బంతిదండలు, చిరుగంటలు కట్టండి. నలుగురు పిల్లలు ఎత్తి పది అడుగులు వేయగలగాలి. వంగిపోతుంటే దండలు తగ్గించండి, గంటలు తీయొద్దు.

తీర్థానికి వెళ్లేముందు, పొద్దున్నే వాకిట్లో రథం ముగ్గు వేసేయండి. కొన్ని ఊళ్లలో ముక్కనుమనాడు వేస్తారు. రథానికి గీసిన తాడు మీ గుమ్మం ముందే ఆపకుండా పక్కింటి రథం దాకా లాగాలి. పక్కింటివాళ్లు ఇంకా లేవకపోతే వాళ్ల వాకిలి మీరే ఊడ్చి కల్లాపి చల్లి, తాడు కొస అక్కడ వదలండి. లేచాక వాళ్లు అందుకుని అవతలింటికి లాగుతారు.